క్లిప్పులు తీశాక

పళ్ళ పని చేసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. మనిషిని చూడరు, నోరు చూస్తారు. నాకైతే నోరు కూడా అక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళుగా ల్యాబులో కూర్చుని పళ్ళ అచ్చులు పోస్తున్నాను. క్లినిక్కుల నుంచి జనం కొరికిన అచ్చులు డబ్బాల్లో వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విప్పి, అంచులు చెక్కి, వెనక నంబరు రాసి బల్ల మీద వరసగా పెడతాను. తెల్లటి పళ్ళు, తెల్లటి చిగుళ్ళు, అంతే. పెదవులుండవు, బుగ్గలుండవు. అవి ఎవరివో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

నావి ఎత్తుపళ్ళు. అక్కవీ అంతే. మేం కవలలం, అది నాకంటే పన్నెండు నిమిషాలు పెద్దది. పక్కపక్కన నిలబెట్టినా, పక్కగదిలోంచి గొంతు విన్నా కన్నతల్లే తికమకపడేది. బళ్ళో మమ్మల్ని పెద్ద కొబ్బరికోరాం, చిన్న కొబ్బరికోరాం అనేవాళ్ళు. అక్క లెక్కచేసేది కాదు. "నీ కొబ్బరి తీసుకురా, కోరి పెడతాం" అని, పళ్ళన్నీ బయటపెట్టి వాళ్ళ మొహం మీదే నవ్వేది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకున్నాను.

అక్క పోయి పదేళ్ళయింది. మూడు రోజుల జ్వరం, అంతే. అప్పటికి దాని కూతురికి ఆరేళ్ళు. బావ లారీ తోలతాడు, నెలకి రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప. పిల్లని నేనే తెచ్చుకుని పెంచుతున్నాను. ఎప్పుడూ కిచకిచలాడుతుందని పిచ్చుక అంటాం. దానికి వాళ్ళ నాన్న పళ్ళొచ్చాయి, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. అమ్మ పోలిక ఒక్కటీ రాలేదు.

మొదటి నెలంతా ఆ పిల్ల ఏడవలేదు. నాకు భయమేసింది. ఒకరోజు వంటింట్లో స్టూలెక్కి నా మొహంలో మొహం పెట్టి, "పిన్నీ, నవ్వు" అంది. నవ్వాను. "చెయ్యి తీసి నవ్వు." తీసి నవ్వాను. అప్పుడేడ్చింది, నా మెడ పట్టుకుని, ఇంక ఊపిరాడదేమో అన్నంత గట్టిగా. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. అన్నం తినేటప్పుడు ఏదో ఒక చచ్చు జోకు చెప్పి, నేను నవ్వేదాకా వదిలేది కాదు. నేను నవ్వితే తను నవ్వేది కాదు, చూసేది.

ఏం చూసేదో నాకు తెలుసు. తెలీదని బుకాయించను. తెలిసి కూడా ఒక్కోసారి ఒళ్ళు మండేది. ఈ మొహం నాది కాదా? నాకోసం ఎవరైనా దీన్ని ఒక్కసారి చూశారా? బావైతే ఇంకో రకం. అక్క పోయిన దగ్గర్నుంచి నా మొహంకేసి చూసిందే లేదు. కంచంలోకి చూసి మాట్లాడతాడు, లేదంటే గోడకేసి. ఇంట్లో ఒకరు కళ్ళు తిప్పరు, ఒకరు కళ్ళెత్తరు. మధ్యలో నేను.

అందుకే నలభై ఒకటో ఏట క్లిప్పులు పెట్టించుకున్నాను. "ఈ వయసులో ఎవరికి చూపించుకోవాలనమ్మా?" అని ల్యాబులో వేళాకోళం చేశారు. "నాకే" అన్నాను. నాకు అందంగా ఉండాలనిపించింది. తప్పా?

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. నా ఎక్స్‌రే చూసి, "పళ్ళు పీకకుండా కొంచెం సర్దుదాం. పూర్తిగా లోపలికి పోకపోయినా ఫరవాలేదు" అంది. నేను ఒప్పుకుంటానా? నా పని నాకు తెలీదా? నా అచ్చు నేనే పోసుకున్నాను. చిన్న రంపంతో ఆ ప్లాస్టర్ పళ్ళు ఒక్కొక్కటీ కోసి, పైన రెండు, కింద రెండు తీసేసి, మిగతావి మైనంలో పేర్చాను. వరస చూస్తే నాకే ముచ్చటేసింది. పట్టుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

ఆవిడ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. "పళ్ళ వరకూ మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ పెదవి ఎక్కడ ఆగుతుందో ఇందులో కనపడదు కదండీ. మీ వయసులో మొహం కాస్త లోపలికి పోవచ్చు."

"పోతే పోనివ్వండి. ముందుకున్నదే కదా నా బాధ" అన్నాను. పెద్ద తెలివైనదానిలాగ.

నాలుగు పళ్ళూ తీసేశారు. తీగె బిగించిన మొదటి వారం జావ తప్ప ఏమీ దిగలేదు. పిచ్చుక పక్కన కూర్చుని చల్లార్చి ఇచ్చేది. అప్పుడే అడిగింది. "పిన్నీ, పళ్ళు లోపలికి వెళ్తే మొహం మారిపోతుందా?"

"మారదే పిచ్చిమొహమా. పళ్ళే కదా కదిలేది."

రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో! తీగె మార్చినప్పుడల్లా అడిగేది. "ఇంకా ఎంత పోతాయి?" అనేది. "ఇక్కడితో ఆపెయ్యకూడదా? బాగానే ఉన్నావుగా" అనేది. "నీకేం తెలుసు, ఇంకా రెండు మిల్లీమీటర్ల సందుంది" అని కసిరేదాన్ని. అది సందు గురించి అడగటంలేదని నాకు తట్టలేదు. నా బుద్ధి మిల్లీమీటర్లలో ఉంది.

క్లిప్పులు తీసిన రోజు డాక్టరమ్మ చేతికి అద్దమిచ్చింది. నేను దాన్ని నోటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నాను. అబ్బ, ఏం వరస! నా మైనం అచ్చు కూడా దాని ముందు దిగదుడుపే. దారంతా ఆ వరస మీద నాలుక పోనిచ్చుకుంటూ ఇంటికొచ్చాను.

పిచ్చుక తలుపు తీసింది. "నవ్వు" అంది. చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వాను, జన్మలో మొదటిసారి, చెయ్యి తియ్యమని ఎవరూ అడక్కుండానే. అది చూసింది. నా పళ్ళకేసి, తర్వాత బుగ్గలకేసి, మళ్ళీ పళ్ళకేసి. దేనికోసమో వెతుకుతున్నట్టు.

"బాగున్నాయి పిన్నీ" అని వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగటం మొదలుపెట్టింది.

ఆ పూట జోకు లేదు. మర్నాడూ లేదు. వారం గడిచింది. అన్నం కలుపుకోవడం, తినడం, కంచం తీయడం. నేనే ఏదో జోకు చెప్పాను. మర్యాదకి నవ్వింది. పదహారేళ్ళ పిల్ల నాకు మర్యాద చేసింది!

అప్పుడు అద్దాన్ని దూరంగా పెట్టి చూసుకున్నాను. పై పెదవి పలచబడి లోపలికి వాలిపోయింది. ముక్కు పక్కనుంచి గడ్డం దాకా రెండు గీతలు. బుగ్గలు గుంటలు పడ్డాయి. గడ్డం ముందుకొచ్చింది. ఎవరో గట్టి మనిషి, ఏ ఆఫీసులోనో కిటికీ వెనక కూర్చుని రేపు రమ్మనే మనిషి. నవ్వి చూశాను. నవ్వే మనిషి కూడా ఆవిడే. అక్క లేదు. అటు తిరిగి చూశాను, ఇటు తిరిగి చూశాను, లైటు వేసి చూశాను. ఎక్కడా లేదు.

పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. "మళ్ళీ ముందుకి తీసుకురండి" అన్నాను.

ఆవిడ ముందు నవ్వింది. "ఎత్తుపళ్ళు మళ్ళీ కావాలన్నవాళ్ళని ఇంతవరకూ చూడలేదండీ." నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "తీసేసిన పళ్ళని తేలేను. ఉన్నవాటిని వెనక్కీ ముందుకీ తిప్పితే పళ్ళ వేర్లు అరిగిపోతాయి. ఎముక కూడా ఒప్పుకోదు. పైగా మొహం ఎలా ఉండేదో అలా వస్తుందని నేను చెప్పలేను."

ఆవిణ్ణి తిట్టాలనిపించింది. ఏమని తిడతాను? ముందే చెప్పిందిగా.

ఆదివారం మధ్యాహ్నం బావ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. నేను కూర వడ్డిస్తుంటే, "చాలు చాలు" అని తలెత్తాడు. ఎత్తిన తల దించలేదు. నా కళ్ళలోకి చూశాడు. పదేళ్ళ తర్వాత.

"బాగున్నావు చిన్నమ్మాయ్" అన్నాడు. గొంతు తేలికపడింది. కూర గురించి మాట్లాడాడు, రోడ్డు గురించి మాట్లాడాడు, ఎక్కడో లారీ టైరు పేలిన సంగతి చెప్పాడు. ఒక్కసారి కూడా గోడకేసి చూడలేదు. చివరికి చెయ్యి కడుక్కుంటూ, "ఏమీ అనుకోకు. ఇన్నాళ్ళూ నీ మొహం చూడాలంటే నావల్ల అయ్యేది కాదు. ఇప్పుడు ఫరవాలేదు" అన్నాడు.

మంచి మాటే అనుకుని అన్నాడు పాపం. పిచ్చుక సగం అన్నం వదిలేసి లేచి గదిలోకి పోయింది.

బావ వెళ్ళాక గదిలోకి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన కూర్చున్నాను.

"తప్పు చేశానే" అన్నాను. "నిన్ను అడగాల్సింది."

"నీ పళ్ళు నీ ఇష్టం పిన్నీ. నన్నడగటం ఏమిటి?"

"కోపంగా ఉందా?"

"లేదు." గోడ మీద సున్నం గోటితో గీకింది. "నాన్నకి కూడా కనపడలేదు. నాకొక్కదానికే కనపడలేదేమో అనుకున్నాను. నేను సరిగ్గా చూడటంలేదేమో అనుకున్నాను."

దాని భుజం మీద చెయ్యి వేశాను. "ఫోటోలున్నాయిగా" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జన్మలో అనలేదు.

"ఫోటో కదలదు కదా" అంది.

నేను లేవబోయాను. నా వేలు పట్టుకుని లాగింది. నావైపు తిరగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, రెప్పలు ముడతలు పడేటంతగా.

"మాట్లాడు పిన్నీ."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. గొంతు మారలేదు."

ల్యాబు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ప్లాస్టర్‌లో నీళ్ళెక్కువైతే ఏమవుతుందో, బుడగలు రాకుండా గిన్నెని ఎలా తట్టాలో, గట్టిపడేటప్పుడు అది చేతికి ఎంత వెచ్చగా తగులుతుందో. అంచులు చెక్కే దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"ఆపకు" అంది, కళ్ళు తెరవకుండానే.