బెరడు ఒలిచిన దొంగ

వంటగది కిటికీ పక్కన నాటు హనీసకిల్ తీగ వేసి మూడేళ్లయింది. ఈ నేలలో పుట్టిన తీగైతేనే ఇక్కడి పిట్టలు చేరతాయని నర్సరీ ఆమె చెప్పింది. అప్పటినుంచి దానికి మందు కొట్టలేదు, ఎండుపుల్లను కూడా కత్తిరించనివ్వలేదు. పూలకి తుమ్మెదలొచ్చాయి, పళ్లకి పిట్టలొచ్చాయి. సుబ్బరంగా తిని చక్కాపోయాయి. ఒక్కటంటే ఒక్కటి గూడు కట్టిన పాపాన పోలేదు. నేనేమో రోజూ ఆకుల సందుల్లో వెతుక్కుంటూనే ఉన్నాను.

పోయినవారం చూస్తే, తీగ మొదలు దగ్గర బెరడంతా పేలికలుగా ఒలిచేసి ఉంది. నా ఒళ్లు మండిపోయింది. కిటికీకి వెలుతురు రావట్లేదని సణిగే మనిషి ఇంట్లో ఒక్కరే.

"మీ పనేగా?" అని మా ఆయన్ని నిలదీశాను.

ఆయన కరెంటు పనిచేస్తారు. "పొద్దస్తమానం వైర్లు ఒలిచి వస్తాను. ఇంటికొచ్చి ఇది కూడా ఒలుస్తానా?" అన్నారు.

నేను నమ్మలేదు, మాటలు మానేశాను. చివరికి ఆయనే ఎలుకల జిగురు అట్ట తెచ్చి, తీగ మొదలు చుట్టూ తాడుతో కట్టారు.

"దొంగెవరో తెల్లారేసరికి దొరుకుతాడు. అప్పుడైనా నన్నొదిలిపెట్టు."

"చూద్దాం," అన్నాను.

తెల్లారి తలుపు తీసి కొయ్యబారిపోయాను. అట్టకి పిట్ట అంటుకుని ఉంది. రెక్కలు రెండూ జిగురులో పరుచుకుపోయాయి. ముక్కున బెరడు పోగు.

నా వెనకే వచ్చిన ఆయన తల పైకెత్తారు. కిటికీ పైన, నా చూపు అందని ఎత్తులో ఆకుల చాటున, అన్నీ బెరడు పోగులే, సగం కట్టిన గూడు.

"దీనికోసమే," అన్నారు నెమ్మదిగా.

అక్కడే కూలబడి, వంటనూనె తెప్పించుకుని, వేలితో రాస్తూ ఒక్కో ఈకా విడిపించాను. ఒళ్లోకి వచ్చేసరికి పిట్ట మెడ వాలిపోయింది. ఊపిరి లేదు.

"ఇలా అవుతుందనుకోలేదే," అన్నారాయన. ఆయన్ని అంతదాకా తెచ్చింది నేనే.

అంతలో గోడమీద దాని జత వాలింది. తీగ మొదలువైపే చూస్తోంది. అట్ట ఇంకా అక్కడే ఉంది.

తాడు విప్పే వ్యవధి లేదు. ముందుకు వంగి రెండు చేతులతో అట్టని కప్పేశాను. బెదిరి ఎగిరిన పిట్ట కాసేపటికి మళ్లీ వచ్చింది. నా చేతులకి జానెడు పైన వాలి, బెరడు చీల్చడం మొదలుపెట్టింది.

కదిలితే ఎగిరిపోతుంది. చచ్చిన పిట్టని ఒళ్లో పెట్టుకుని, అలాగే కూర్చున్నాను.