గాలి చొరబడని మూత

కొట్టు తెరిచిన రోజున అతని దగ్గర ఉన్నది నాలుగు వేల రెండొందలు. మూడు వేలు పాత లేత్‌కి పోయాయి, తొమ్మిదొందలు ఉలులకి పోయాయి. మిగిలిన మూడొందలతో బోర్డు రాయించాడు: "కొలత తప్పితే డబ్బు వాపసు." వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. అందులో సగం తేడా వచ్చినా ఒప్పుకోడని వీధంతా అతన్ని అరనూలు అని పిలిచేది. అతనూ పలికేవాడు.

సోమవారం పొద్దున్నే బావ వచ్చి బల్ల మీద ఒక కొమ్ము పెట్టాడు. బావ తోటలో అడవిపందుల్ని బెదరగొట్టే పాతకాలపు తుపాకి ఒకటుంది. దానికి కావలసిన మందు ఆ కొమ్ములోనే పోసుకుంటాడు. సన్న కొనకి బిరడా ఉంది గానీ, వెడల్పు వైపు చెక్క మూత రెండుగా చీలిపోయింది.

"కొత్తది కావాలి. రేపు సాయంత్రానికల్లా."

"పందులు మళ్ళీ వస్తున్నాయా బావా?"

"నువ్వు మూత సంగతి చూడరా బామ్మర్దీ. గాలి కూడా చొరబడకూడదు."

బావ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అరనూలు కొమ్ము అందుకున్నాడు.

చచ్చి నలభై ఏళ్ళైన ఎద్దు కొమ్ము అది. ఇంకా ఊపిరి తీస్తోంది. అరనూలు గడియారం చూసి లెక్కపెట్టాడు. నిమిషానికి నాలుగుసార్లు. పనిచీటీలో కొలతల కింద అదీ రాసుకున్నాడు.

కొమ్ము నోరు ఎప్పుడూ గుండ్రంగా ఉండదు. ఇది ఒకవైపు రెండంగుళాల ఆరు నూళ్ళు, అడ్డంగా రెండంగుళాల మూడు. దాన్ని మరిగే నీళ్ళలో ముంచి మెత్తబరిచాడు. కొయ్య అచ్చు దూర్చి, చల్లారేదాకా కదపలేదు. అచ్చు తీసేసరికి ఎటు చూసినా రెండంగుళాల నాలుగున్నర నూళ్ళు.

పాత మూత ఎలా చేశారో చూద్దామని దాని అంచున మురికి గీకాడు. దారమంత సన్నటి గాడి కనిపించింది. చీలిక కాదు, ఎవరో కావాలని కోసింది. అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కొమ్ము నోటికి ఉలి అడ్డం పెట్టాడు. పది ఊపిర్లకి ఒక చెమ్మ బొట్టు. గంటకి ఇరవైనాలుగు బొట్లు. గాడి లేకుండా బిగిస్తే తెల్లారేసరికి లోపల మందు పిండిముద్దే.

మధ్యాహ్నం అక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఆలస్యం చెయ్యరా తమ్ముడూ. చెక్క దొరకలేదని చెప్పు. లేత్ చెడిపోయిందని చెప్పు."

"ఏమైందక్కా?"

"ఉమ్మడి తోటలో పదకొండు చెట్లు అడక్కుండా కొట్టి అమ్మేశాడు మా మరిది. మీ బావ నిన్న వెళ్ళి వాళ్ళ తలుపు తన్నొచ్చాడు. అప్పట్నుంచీ అన్నం ముట్టడు. కూర్చుని తుపాకి తుడుస్తున్నాడు."

"నేను చెయ్యనంటే ఇంకొకడితో చేయిస్తాడు."

"చేతకాదని చెప్పరా."

"బోర్డు పెట్టుకుని?"

"ఆ బోర్డు నెత్తికేసి కొట్టుకో!" అని అక్క కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అతను లేత్ తిప్పాడు. ఎండిన గట్టి చెక్క పొరలు పొరలుగా ఊడి పాదాల మీద పడింది. మూత అంచుకి మసి పూసి కొమ్ములో దూర్చడం, మసి చెరిగిన చోట అరగదీయడం, మళ్ళీ దూర్చడం. పదిహేడుసార్లు. గాడి కొయ్యడానికి రంపం చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, మళ్ళీ గోడకి తగిలించాడు. మర్నాడు అంచు చుట్టూ మైనం పూసి, ఆరు చెక్క మేకులు దిగ్గొట్టాడు.

సాయంత్రం బావ వచ్చాడు. మందు పొట్లం తెచ్చుకుని అక్కడే సన్న కొన నుంచి పోసుకున్నాడు. బిరడా బిగించి, మూత చుట్టూ గోరు పెట్టి చూశాడు. ఎక్కడా దూరలేదు.

"చెయ్యంటే నీదేరా!"

అతని లెక్క ఎప్పుడూ తప్పలేదు. కానీ ఇప్పటిదాకా అతని లెక్క మీద ఒక మనిషి ప్రాణం నిలబడలేదు.

బుధవారం పొద్దుట్నుంచీ ప్రతి పావుగంటకీ లేత్ ఆపి చెవి ఒగ్గాడు. వీధిలో ఎవరో తలుపు గట్టిగా వేస్తే చేతిలో ఉలి జారి పడింది.

పదకొండింటికి బావ వచ్చాడు. తుపాకి లేదు. కొమ్ము బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"పేలలేదు."

అరనూలు లేత్ ఆపాడు.

"మూడుసార్లు నొక్కాను. వాడు పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. వీపు ఇటే. వాడికి తెలియను కూడా తెలియదు." బావ తన చూపుడువేలు కేసి చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు బావా."

కొమ్ము ఊపిరి తీసింది. మూత లోపల్నుంచి, దూరంగా, నిద్రలో ఉన్న మనిషిలా.

"డబ్బు వాపసు ఇచ్చేస్తాను" అన్నాడు అరనూలు.

"కొలత తప్పలేదుగా."

"పోనీ ఊపిరి బయటికి పోయేలా గాడి కొయ్యనా? పావుగంట పని."

"వద్దు. అలాగే ఉంచు." బావ నేలమీది చెక్కపొట్టు కాలితో పక్కకి నెట్టాడు. "వాళ్ళ తలుపు కింది చెక్క పగిలింది. నేను తన్నిన చోటే. వెళ్ళి కొలత తీసుకోరా. నేను పంపానని మాత్రం చెప్పకు."

"అడిగితే?"

బావ లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"అడిగితే చెప్పు."

అరనూలు టేపు జేబులో వేసుకున్నాడు. పెన్సిలు చెవి వెనక దోపుకుని, బావ తమ్ముడి ఇంటికి వెళ్ళడానికి గుమ్మం దాటబోయాడు.