జానెడు నాటు

ఆదిలాబాద్‌ల పత్తిమిల్లు పొద్దున ఆరింటికి కూత పెట్టేది. కూత ఆగేలోపల హమాలీ హనుమండ్లు సుట్టబట్ట నెత్తిన పెట్టుకొని, దాని మీద పత్తిగింజల బస్తా ఎక్కించుకొని, షెడ్డు నుంచి గోదాముకు నడక మొదలుపెట్టేటోడు. ఇరవై ఏండ్ల సంది అదే నడక. నిజాం రాజ్యం పోయింది, సర్కార్లు మారినయి, బస్తా మాత్రం మారలే.

బస్తా కింద ఉన్నది మారింది. నడినెత్తిన జానెడు మేర, సరిగ్గ సుట్టబట్ట కూసునే కాడ, వెంట్రుకన్నది లేకుంట పోయింది. దాని మీద మొదటి జోకు హనుమండ్లే వేసుకునేటోడు. "నా నెత్తిల మొఖం సూసుకొని దువ్వుకోండ్రిరా, అద్దం ఎందుకు దండుగ!" ఎవడన్న నవ్వకముందే తానే నవ్వుకుంటే నొప్పి జర తక్కువుంటదని ఆయన లెక్క.

మిల్లు లెక్కలు రాసే మున్షీ గోవిందరావుకు ఒక అలవాటుండేది. ఏటా కొత్త హమాలీలను వరుసగ నిలబెట్టి, హనుమండ్లును ముందుకు పిలిచి, వాని నడినెత్తిన పెన్సిలుతోని టక్ టక్ కొట్టేటోడు. "సూడుండ్రి, పనోని నెత్తంటే ఇది. మిల్లు ముద్ర!" కొట్టినప్పుడల్ల హనుమండ్లు పండ్లన్ని బయటపెట్టి నవ్విండు. ఇరవయ్యో ఏడు నవ్వు రాలే. ఎందుకు రాలేదో ఆయనకే ఎరుక లేదు.

ఇంటికొచ్చి కంచం ముందల కూసున్నడు.

"ముద్రనట," అన్నడు భార్యతోని. "గొడ్లకేస్తరే ముద్ర. ఈ నెత్తి నాదా, మిల్లుదా?"

"మరి నాటేయించుకోరాదు," అన్నది ఐలవ్వ, పులుసు పోస్తూ. "మనూర్ల బుచ్చవ్వ ఉన్నదాయె."

బుచ్చవ్వ చొప్పదండి దిక్కు వాళ్లూర్ల నాట్ల ముఠాకు పెద్ద. వరి ఎట్ల నాటుతదో, నెత్తిల వెంట్రుకలు గూడ అంతే సాఫుగ నాటుతది. మెడ వెనుక నారు తీస్తది, గిన్నెడు నీళ్లల్ల వేస్తది, బొటనవేలుతోని ఒక్కొక్కటి గుచ్చుకుంట పోతది. ఆ ఊరి పటేలు తల, పట్వారీ మీసం ఆమె చేతి నాట్లే.

మిల్లుల నాట్ల సెలవని ఒక రివాజుండేది. యాసంగి పంటకు ఊర్ల నాట్లు పడుతున్నయంటే ఎవ్వలనైనా పంపాలె. పంపకున్నా పోతరు గనుక పెట్టిన రివాజది.

"నాట్లున్నయి మున్షీ సాబ్. పదిహేను దినాలు గావాలె."

"కాయ్ రే, నీకు భూమెక్కడిది? ఎంత?"

"జానెడు, సాబ్."

మున్షీ కడుపు పట్టుకొని నవ్విండు. "జానెడు భూమికి పదిహేను దినాలా! అయిదు తీస్కపో. ఆరో దినం కూతకు గేట్ల ఉండాలె."

హనుమండ్లు ఆడిన దాంట్ల అబద్ధం లేదు. జానెడే.

నాటు పూర్తయినంక బుచ్చవ్వ చేతులు కడుక్కొని చెప్పింది. "ఇను కొడుకా. మూడో దినం మొఖం ఉబ్బుతది, కండ్లు మూసుకపోతయి, పరేషాన్ గాకు. ఆ ఎనక నాటిన కాడల్ల పక్కు కడుతది. గోకినవా, నా తిప్పలంత పాయె. పదిహేను దినాలు నెత్తిన బరువు గాదు, బట్ట సుత పెట్టద్దు. మూడో వారం నాటిందంత రాలుతది."

"రాలుతదా!"

"పైది రాలుతది. వేరుంటది. మూడు నెలలకు మొలుస్తది. అందాక ఓపిక వట్టు."

ఆరో దినం కూతకు హనుమండ్లు గేట్ల ఉన్నడు. మొఖం ఇంకా ఉబ్బే ఉన్నది. ఎర్రటి నడినెత్తి మీద ఆవాలు అద్దినట్టు పక్కులు, వరుస తప్పకుంట.

"ఇదేంది రా?" అన్నడు మున్షీ.

"నాటు, సాబ్."

"పొలమన్నవ్ గద!"

"నేను నాట్లన్న. భూమని మీరన్నరు. జానెడని సుత చెప్పిన. కొలుసుకోండ్రి."

హమాలీలంత గొల్లుమన్నరు. మున్షీ మొఖం ఆ నెత్తి కన్న ఎర్రగైంది. "జరమొస్తే సెలవుంది, కాలిరిగితే సెలవుంది. ఎంటికలకు సెలవు ఏ మిల్లుల ఉన్నది? బస్తా ఎత్తు, లేకుంటే గేటవతల నడువు!"

"మీ బస్తాలు మోసే పోయినయి సాబ్ ఈ ఎంటికలు," అన్నడు హనుమండ్లు. "పోంగ ఎవ్వడు అడగలే. మల్ల వస్తుంటే కోపమా? నాటి ఆరు దినాలు గాలే. పచ్చి మడిల గొడ్లను తోలుతరా ఎవరన్న?"

నవ్వులు ఆగిపోయినయి. అక్కడున్నోళ్లంత వరి కాడ పుట్టినోళ్లే. పచ్చి మడిల గొడ్డు దిగిందంటే ఊర్లల్ల తలలు పగులుతయి. అందరికన్న పెద్దోడు ముత్తయ్య ముందుకొచ్చి హనుమండ్లు వంతు బస్తా తన నెత్తికెత్తుకున్నడు. ఆయన వెనుక ఇంకొకడు. పది దినాలు పన్నెండు మంది వంతులేసుకొని మోసిండ్రు. హనుమండ్లు రాలిన గింజలు ఊడ్చిండు. బస్తాలు తక్కువ పడలే గనుక మున్షీ లెక్క రాసుకొని పోయిండు.

పక్కులు రాలినయి. కింద చర్మం చంటిపిల్ల అరికాలు లెక్క తేలింది. మూడో వారం తానం చేస్తుంటే వెంట్రుకలన్ని చేతిలకొచ్చినయి. రాలుతయని తెలిసుండుడు వేరు, పిడికిట్ల పట్టుకొని సూసుడు వేరు. ఆ పొద్దు మున్షీ పెన్సిలు మల్ల టక్ టక్ మన్నది. "పంట పాయెనా?" హనుమండ్లు పండ్లు కొరుక్కొని, మెడ వంకరవెట్టి, బస్తా భుజానికెత్తుకున్నడు. మూడు నెలలు అట్లనే మోసిండు.

ఎండాకాలం ముదిరినంక మొలిచింది. ముందు నూగు, తర్వాత నలుపు, ఆ తర్వాత ఒత్తుగ.

"అయిపాయె గద నీ నాటు," అన్నడు మున్షీ. "ఇగ నెత్తికెత్తు."

ఇద్దరు బస్తా ఎత్తి నెత్తిన పెట్టిండ్రు. వెంట్రుకలు గాలికి వరి వంగినట్టు ఒక్క దిక్కుకు వంగి, బస్తాను మెల్లగ కిందికి దించినయి. మల్ల పెట్టిండ్రు, మల్ల దించినయి. మున్షీ తానే పట్టి పెట్టిండు. ఆయన కాళ్ల ముందల్నే దించినయి. ఒక్క గింజ ఒలకలే.

"పంట మీద బరువెట్ల ఆగుతది సాబ్," అన్నడు ముత్తయ్య, అదేదో అందరికి తెలిసిన ముచ్చటే అన్నట్టు.

"అయితే రేపటి సంది రాకు," అన్నడు మున్షీ హనుమండ్లుతోని.

హనుమండ్లు సుట్టబట్ట దులిపి భుజానేసుకున్నడు. ఐలవ్వకు ఏం చెప్పాల్నో అనుకుంటుండంగనే ముత్తయ్య తన బోడినెత్తి గోక్కున్నడు. "సాబ్, వచ్చే యాసంగికి నాకు సుత నాట్ల సెలవు గావాలె."

"నీకెంత?"

"జానెడే."

వెనుక నుంచి ఇంకో గొంతు, "నాకు జానెడున్నర." ఇంకోటి, ఇంకోటి. పన్నెండు మంది.

మున్షీ మిల్లు యజమాని సేటు దగ్గరికి వోయిండు. ఎనిమిదో నాడు మిల్లుకు తోపుడు బండ్లొచ్చినయి. పదేండ్ల కింద ముత్తయ్య బండ్లడిగితే, 'నేలంత గుంతలు, చక్రాలు నడువయి' అన్నరు. ఆ గుంతలు ఎవ్వడు పూడ్వలే. చక్రాలు నడిచినయి.

పనికి మల్ల పిలిస్తే హనుమండ్లు బండి తోస్తూ షెడ్డు నడుమకొచ్చి ఆగిండు. తల ఎత్తి సూసిండు. రేకుల కప్పు ఎంత ఎత్తుల ఉన్నదో! పైన అద్దాల్ల నుంచి ఎండ పడుతున్నది, అండ్ల పత్తి నూగు మెల్లగ తేలుతున్నది, దూలాల మీద పావురాలు గూళ్లు కట్టుకున్నయి. ఇరవై ఏండ్లు ఆయన సూసింది కాళ్ల ముందలి నాలుగు మూరల నేల. ఇంత ఉన్నదని ఒక్కడన్న చెప్పలే. కోపానికి కండ్లల్ల నీళ్లొచ్చినయి.

"కాయ్ రే, ఎందుకాగినవ్?" మున్షీ అరిచిండు.

"సూస్తున్న," అన్నడు హనుమండ్లు, తల దించకుంటనే. పావురాలన్నిటిని సూసేదాక బండి కదలలే.