పక్కకు జారిన తెలుపు

భార్య శాంతమ్మ పోయినప్పటి నుంచి జయరాజ్ సార్ ఎడమవైపుకే ఒరిగి పడుకునేవాడు. ఆమె మంచం అటువైపే ఉంది. అందుకే ఎడమ పక్కలో నొప్పి మొదలైతే, ఒకే వైపు పడుకోవడం వల్లేననుకుని బామ్ రాసుకుంటూ గడిపేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేదాకా డాక్టర్ గడప తొక్కలేదు.

మొయినాబాద్‌లో తీసిన ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా కనిపించింది. శాంతమ్మ ఫిల్ములోనూ సరిగ్గా అక్కడే తెలుపు. ఆమెది ఊపిరితిత్తి పొరకు పుట్టిన క్యాన్సర్ గడ్డ. ఆమెను మిగలనివ్వలేదు.

"పొరల నడుమ నీరు చేరిందో, పొరే దళసరి అయ్యిందో దీంట్ల తెలుస్తలేదు సార్. చేవెళ్లల పక్కకు పండుకోబెట్టి ఇంకోటి తీస్తరు" అన్నాడు డాక్టర్.

కూతురు జెన్నీకి ఫోన్ చేయబోయి మానుకున్నాడు. పక్కింటి జంగయ్య బండి తీశాడు.

"ఎంతమంది పోరగాండ్లను బెంచీ ఎక్కిచ్చినవ్ సార్! ఇయ్యాల నిన్ను బల్ల ఎక్కిస్తున్నరు."

నవ్వితే పక్క కలుక్కుమంది. అయినా నవ్వించే మనిషి తోడున్నందుకు జయరాజ్‌కు ధైర్యమనిపించింది.

ఎక్స్‌రే తీసే అక్షయ బల్ల మీద దుప్పటి మడతపెట్టి పరిచింది. "సల్లగుంటది సార్, అందుకని."

నొప్పి ఉన్న వైపు ఒత్తకూడదని ఆయన కుడికి ఒరగబోయాడు.

"అటు కాదు సార్, ఎడమకు. నీళ్లయితే జారి పక్క పొంటి పరుచుకుంటయి. గడ్డయితే ఉన్నకాడనే ఉంటది."

రోజూ పడుకునే వైపే. జయరాజ్ కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాడు.

కాసేపటికి అక్షయ ఇద్దరినీ తెర దగ్గరకు పిలిచింది. అడుగున నిలిచిన తెలుపు ఇప్పుడు, ఒంచిన గ్లాసులో మజ్జిగలా, పక్కటెముకల వెంట చారగా జారి ఉంది.

"నీళ్లే సార్. మిగతాది డాక్టర్ చెప్తరు."

"మా బోర్ల సుక్క లేదు గని, నీ పక్కల ఊట పడ్డదా సార్!" అన్నాడు జంగయ్య. అంటూనే పక్కకు తిరిగి తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

సాయంత్రం మొయినాబాద్ డాక్టర్ సూదితో నీరు తీశాడు. "టీబీ నీరు లెక్కనే ఉన్నది. పరీక్షకు పంపుత. అదే అయితే మందులతోని పోతది, ఫికర్ చేయకు."

బయటికొచ్చి జయరాజ్ గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. ఎన్నాళ్లకో అది అడుగుదాకా దిగింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని, అప్పుడు ఫోన్ తీశాడు.

"ఇంత జరిగితే ఇప్పుడా డాడీ చెప్పేది?" జెన్నీ గొంతు పెంచింది.

తిట్టనిచ్చాడు. ఆ తిట్లన్నీ పూర్తిగా విన్నాడు, ఊపిరి ఆడుతుండగా.