నరసింగరావు గారి బండి

గున్నమ్మ నోటికి కళింగపట్నంలో పడవలు కూడా పక్కకి తప్పుకుంటాయని అంటారు. అలాంటి గున్నమ్మ ఆ రోజు కుర్ర ఎస్సై ముందు చేతులు కట్టుకుని నోరు మెదపకుండా నిలబడిందంటే, సంగతి ఎందాకా వచ్చిందో మీరే ఆలోచించుకోండి.

శ్రీకాకుళం పొలిమేరలో బళ్ళు ఆపుతున్నారు. వీళ్ళది పాత రాజ్‌దూత్ మోటారు సైకిలు. ముందు మొగుడు ధనరాజు, వెనక గున్నమ్మ, పక్కన తాళ్ళతో కట్టిన చేపల బుట్ట. ఎస్సై బండి చుట్టూ ఒకసారి తిరిగి సి బుక్కు అడిగాడు. లేదు. ఇన్సూరెన్సు అడిగాడు. సి బుక్కే లేని బండికి ఇన్సూరెన్సు ఎవడిస్తాడు? ఎస్సై మంచివాడే, చేపలు పాడైపోతాయని వదిలిపెట్టాడు. నెల్లోపు కాగితాలు చేయించుకోమనీ, మళ్ళీ ఇలాగే దొరికితే బండి స్టేషన్లో పడి తుప్పు పడుతుందనీ చెప్పి మరీ పంపించాడు.

బండి పోతే ఆటోలు లేవా అంటారు. ఎందుకు లేవూ, బోలెడున్నాయి. గున్నమ్మ బుట్ట ఆటోలోనూ వెళ్తుంది. ధనరాజు ఎక్కడికి వెళ్తాడన్నదే ప్రశ్న. నాలుగేళ్ళ కిందట పడవ మీంచి పడి ఎడమ భుజం జారిన దగ్గర్నుంచీ అతను వల లాగలేడు. యాభై ఏళ్ళకే ఒడ్డున కూర్చోవలసి వచ్చింది. అలా కూర్చున్న మూడు నెలల్లో మనిషి మనిషి కాకుండా పోయాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అప్పుడు గున్నమ్మే, ఆటోలో తనకి కడుపులో తిప్పుతుందని పచ్చి అబద్ధమాడి, మూలనున్న బండి తీయించింది. ఆనాటి నుంచి తెల్లారితే అతనికో పని ఉంది, తనని బజారులో దింపాలి, మధ్యాహ్నం తీసుకురావాలి. నెల్లాళ్ళకి మళ్ళీ మీసం దువ్వుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడా బండి పోతే మళ్ళీ ఆ మూడు నెలలే వస్తాయని గున్నమ్మ భయం. సముద్రంలోకి మొగుణ్ణి పంపినన్నాళ్ళూ కూడా ఆమె ఇంత భయపడలేదు.

మర్నాడు ఇద్దరూ ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళారు. గేటు పక్క వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఫారాలు నింపే దాలయ్య, బండి ఎవరి పేర ఉందని అడిగాడు.

"పాతపట్నం నరసింగరావు గారిది బాబూ" అన్నాడు ధనరాజు.

"కొన్నావా?"

"నేదు."

"ఉట్టినే ఇచ్చీసేరా?"

"ఇచ్చేరు. అంటే, ఇవ్వనేదు."

దాలయ్య కలం కింద పెట్టాడు. "ఒరే నాయనా, ఇవ్వకుండా ఇచ్చింది, కొనకుండా తెచ్చింది, దీనికి ఫారం నేదు. ఆ నరసింగరావు గారు బతికుంటే ఈ బదిలీ ఫారాల మీద ఆయన సంతకం తే. బండి ఒంటి మీద ఛాసిస్ నంబరుంటాది, దాని మీద కాగితం ఎట్టి పెన్సిలుతో రుద్ది ఆ ముద్ర తే. ఈ రెండూ తెస్తే మిగిలింది నేను సూస్తాను."

పెన్సిలు ముద్ర అంత కష్టమని ఎవరనుకుంటారు! ఉప్పుగాలికి ఇనుము నిలవదు గనక, ఏటా పడవకి రంగు వేయగా మిగిలింది ధనరాజు బండికి వేసేస్తాడు. ఇరవై నాలుగు పూతల కింద నంబరు ఎక్కడుందో దేవుడికెరుక. ఇద్దరూ పెరట్లో బండిని పడుకోబెట్టి, చేప పొలుసు తీసే కత్తులతో గీకడం మొదలుపెట్టారు. నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద ఎరుపు.

"ఈ పసుపు తుపాను ఏడాదిది" అన్నాడు ధనరాజు.

"గీకవయ్యా, జాతకాలు తరవాత సెప్పుదువు" అంది గున్నమ్మ. సాయంత్రానికి గోళ్ళలోకి అన్ని రంగులూ దిగాయి గాని, నంబరు మాత్రం దొరికింది.

ఇక మిగిలింది సంతకం. అసలు కథంతా అక్కడే ఉంది.

ఇరవై నాలుగేళ్ళ కిందట వాళ్ళిద్దరూ ఎండుచేపలు పట్టుకుని పాతపట్నం సంతకి వెళ్ళారు. గున్నమ్మకి అప్పుడు ఎనిమిదో నెల. వద్దంటే వినే రకమా? సంత మధ్యలో నొప్పులు మొదలయ్యాయి, నిలబడ్డచోటే నెత్తురు పోవడం మొదలైంది. ఆ రోజు బస్సులు బందు. జీపు వాళ్ళు నెత్తురు చూసి రామన్నారు. విత్తనాలు కొనుక్కోడానికి వచ్చిన నరసింగరావు అనే రైతు, ఎవరో ఏమిటో అడక్కుండా, బండి తాళం ధనరాజు చేతిలో పెట్టి, "పర్లాకిమిడి ఆస్పత్రే దగ్గర. పో ముందు" అన్నాడు. ఒక ముసలమ్మ గున్నమ్మ వెనక కూర్చుని పట్టుకుంది. ఆస్పత్రిలో బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. బతికింది. పుట్టిన ఆడపిల్ల అనూరాధ, ఇప్పుడు పొందూరులో నర్సు.

మరి బండి తిరిగి ఇవ్వాలి కదా. ధనరాజు బయల్దేరాడు కూడా. తల్లి దాలమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "పురిటి నెత్తురు పడ్డ బండిరా అది. సావు దాకా ఎళ్ళొచ్చిన మనిషిని మోసినాది. దాన్ని తోలుకెళ్ళి ఆ మారాజు గుమ్మంలో ఎడతావా? మన గండం ఆళ్ళింట్లో దింపినట్టే. ఆయనే కబురెడితే అప్పుడిద్దువు గాని. అందాకా ఏటా ఈ రోజుకి మంచి సేపలు ఎండబెట్టి పంపు" అంది. ఆ ఇంట్లో దాలమ్మ మాటకి ఎదురు లేదు. అలాగే ఏటా అనూరాధ పుట్టినరోజుకి వంజరం ముక్కలూ నెత్తళ్ళూ మూట కట్టి, ఎండుచేపల లారీతో వెళ్ళే జోగయ్యకి ఇచ్చేవారు. జోగయ్య మాటల పొదుపు మనిషి. మూట ఆ ఇంటి అరుగు మీద పెట్టి, "కళింగపట్నం ధనరాజు పంపేడు" అని లారీ ఎక్కేసేవాడు. నరసింగరావు కబురు పెట్టలేదు. దాలమ్మ పోయింది. ఏళ్ళు గడిచినకొద్దీ ధనరాజు ముఖం చెల్లక వెళ్ళలేకపోయాడు.

"ఇప్పుడు ఏ మొకంతో సంతకం అడుగుతానే? దొంగ బండి నాకు రాసిచ్చీండి బాబూ అని అడగాలా?" అన్నాడు.

"మొగమాటానికి పోతే కడుపొచ్చిందంట. నీకిన్నాళ్ళూ రానేదు, అదే నయం" అంది గున్నమ్మ. "ఇస్తే ఇస్తారు, నేదంటే బండి అక్కడెట్టి బస్సెక్కుదారి. ఆయన బండే కాదేటి."

కోడి కూసే వేళకి బండి మీదే బయల్దేరారు. బస్సులో వెళ్దామంటే ధనరాజు ఒప్పుకోలేదు, ఆయన వస్తువు ఆయన కళ్ళ ముందు పెట్టాకే మాట్లాడతానన్నాడు. నరసన్నపేట దాటాక చేలన్నీ పచ్చగా వచ్చాయి. దారంతా గున్నమ్మ అతని చొక్కా పట్టుకుని కూర్చుంది. ఇదే ఆఖరిసారి ఈ వీపు వెనక కూర్చోవడమేమో అనుకుంటే ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పాతపట్నంలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద డెబ్భై దాటిన పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు. ఆయన భార్య పద్మకుమారి చేటలో మినప్పప్పు ఏరుతోంది. బండి ఆగగానే పెద్దాయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, స్తంభం పట్టుకుని లేచాడు.

ధనరాజు తాళం తీసి రెండు చేతులతో ఆయన ముందు పట్టుకున్నాడు. "బాబూ, కళింగపట్నం ధనరాజుని. ఇది మీ బండి. ఇరవై నాలుగేళ్ళు నా దగ్గరే ఉంచీసేను. తప్పు నాదే." కాగితాల మాట, సంతకం మాట అతని నోట రానేలేదు. ఇంటి దగ్గర వల్లించుకున్నదంతా ఎటు పోయిందో.

నరసింగరావు తాళం వంక చూడలేదు. ధనరాజు భుజం మీద చెయ్యి వేసి, "బాగున్నావా నాయనా? మనసు కుదుటపడ్డాదా?" అని అడిగాడు.

ఇదేం ప్రశ్నో ధనరాజుకి అర్థం కాలేదు. తలూపాడు.

"ఈవిడ?"

"నా ఇంటిదండి."

"మళ్ళీ సేసుకున్నావన్నమాట. మంచి పని సేసేవు. ఎన్నాళ్ళని ఒక్కడివీ ఉంటావు" అన్నాడు పెద్దాయన, ఎంతో ఆప్యాయంగా.

గున్నమ్మ అప్పటిదాకా పట్టిన మౌనవ్రతం అక్కడితో సరి. "మళ్ళీ ఏటి బాబూ, మళ్ళీ? ఈ మనిషికి నేనొక్కదాన్నే ఎక్కువ. రెండోదిగా ఎవర్తి సేసుకుంటాది ఈన్ని?"

నరసింగరావు ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, నెమ్మదిగా అరుగు మీద కూర్చుండిపోయాడు. "మరి సంతలో... ఆ అమ్మాయి..."

"నేనే బాబూ ఆ మనిషిని."

పద్మకుమారి చేట పక్కన పెట్టింది. ఆవిడే ముందు తేరుకుని చెప్పింది. "పోయిందనుకున్నామమ్మా. బతికుంటే బండి తెచ్చి ఇచ్చి, సల్లగా ఉన్నామని సెప్పడా అన్నారీయన. దుఃఖంలో ఉన్న మనిషిని బండేదిరా అని అడుగుతామా? పైగా ఏటా సరిగ్గా అదే రోజుకి సేపలొచ్చేవి. పెళ్ళాం తద్దినానికి పంపుతన్నాడనుకున్నాం. ఒక్క ముక్క నోట ఎట్టనేదు. కళ్ళకద్దుకుని పనోళ్ళకి పంచీసేవాళ్ళం. ఆ పూట ఈయన పచ్చడితోనే తినీవారు."

గున్నమ్మకి నవ్వు రాబోయింది. తన పేరు మీద ఇరవై నాలుగు తద్దినాలు, అదీ వంజరంతో! నవ్వుదామని నోరు తెరిచింది, ఏడుపు వచ్చింది. అక్కడ తను బజారులో జనం మీద అరుస్తూ, మొగుణ్ణి తిడుతూ, కూతురికి జడ వేస్తూ బతికిన అన్నేళ్ళూ, ఇక్కడ ముక్కూ మొహం తెలియని మనిషొకాయన తన కోసం కూర వదిలేసి కూర్చున్నాడు. పుట్టింటివాళ్ళు కూడా అంత చెయ్యరు. గున్నమ్మ అరుగు దగ్గర కూలబడి ఆయన పాదాలు పట్టుకుంది.

"తప్పమ్మా, లే. పండక్కి వచ్చినట్టు వచ్చి ఏడుస్తావేటి" అన్నాడు నరసింగరావు.

ధనరాజు తల్లి చెప్పిన మాట అంతా చెప్పాడు. గండం మీ గుమ్మంలో దింపకూడదని తేలేదనీ, కబురు వస్తుందని చూశాననీ చెప్పాడు. పెద్దాయన విని, "మీ అమ్మ నా గుమ్మం గురించి అంత ఆలోచించిందా. నేను నీ గుండె గురించి ఆలోచించేను. సరిపోయాం" అన్నాడు.

తరవాత పని ఎంతసేపు? పద్మకుమారి లోపలికెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి సి బుక్కు తెచ్చింది. ప్లాస్టిక్ కవరులో, మడత నలగకుండా ఉంది. దాలయ్య ఇచ్చిన ఫారాలు గున్నమ్మ సంచిలోంచి తీసింది. నరసింగరావు వాటిని మోకాలి మీద పెట్టుకుని, చూపించిన ప్రతి చోటా సంతకం పెట్టాడు. తాళం ఇంకా ధనరాజు చేతిలోనే ఉంది.

"బండి మరి..." అన్నాడు ధనరాజు.

"నేను బండితో మనిషిని పంపేను. మనిషి తిరిగొచ్చింది. ఇంకేటి కావాల? పట్టుకుపో" అన్నాడు పెద్దాయన. కలం మూత పెడుతూ ఆగి, గున్నమ్మ వైపు తిరిగాడు. ఏదో అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది. చివరికి గొంతు తగ్గించి, "మరి కడుపులో బిడ్డ?" అన్నాడు.

గున్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఫోను తీసి కూతురికి కలిపింది.

"ఏటమ్మా, డ్యూటీలో ఉన్నాను" అంది అనూరాధ.

"ఉండొసే. నువ్వు పుట్టేవో నేదో తెలీక ఇరవై నాలుగేళ్ళు కూకున్న మనిషున్నారిక్కడ. ఒక్కపాలి మాటాడు" అని ఫోను నరసింగరావు చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చెవికి ఆనించుకున్నాడు. అవతల నుంచి ఆడపిల్ల గొంతు, "హలో, ఎవరండీ, మాట్లాడండి" అంటోంది. నరసింగరావు వింటూ కూర్చున్నాడు.