ముక్కుపురుగులు

మా ఊరి పంటకాలవకి ఓ న్యాయం ఉంది. ఎవరి చేను ముందు గుర్రపుడెక్క పేరుకున్నా, వాళ్ళు వెదురుగడతో కిందివాడి చేను ముందుకి తోసేస్తారు. వాడు ఇంకా కిందికి. నాది ఆఖరి చేను. నాకు నీరెక్కే తూము నోట్లో ఊరందరి డెక్కా. పన్నెండేళ్ళుగా రెండో పంట దాళ్వా వేసిన పాపాన పోలేదు.

పరిశోధన కేంద్రంలో పనిచేసే దేవిశ్రీగారు ఓ డబ్బా ఇచ్చారు. అందులో మిరియపు గింజంత ముక్కుపురుగులు, రెండొందలు.

"ఇవి డెక్క తప్ప ఇంకేదీ తినవండి, వరి జోలికి రావు. రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలి. పక్క రైతులకి కూడా చెప్పండి."

చెప్పలేదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, పురుగుల్ని పెంచుతున్నానంటే టీకొట్టు దగ్గర నాతో ఆడుకుంటారు. చడీచప్పుడు లేకుండా వదిలాను.

మూడో ఏడు ఆకుల నిండా గీకిన మచ్చలు. దుబ్బులు కుళ్ళి మునిగాయి. తూము నోరు కనబడింది. ఆ దాళ్వాకి నాట్లు వేశాను.

నెల తిరక్కుండా, పై చేను అచ్చిబాబు వీపున మందుకొట్టే పంపుతో గట్టు మీద ఎదురయ్యాడు. వెనక మరో నలుగురు, వాళ్ళ వీపులకీ పంపులు.

"ఏం పోతురాజు బావా, డెక్కకి పురుగు పట్టింది, చూసుకోవద్దా? రేపు చేలల్లోకి దిగుద్ది. నీ ముందు కూడా మందు కొట్టేశాంలే."

"అది వరి తినదురా!"

"ఎవరు చెప్పారు, ఆ పురుగా?"

అందరూ నవ్వారు.

"నేనే వదిలాను. డెక్క చావడానికి."

నవ్వు ఆగింది. "ఊరి మీదకి పురుగుని వదిలింది నువ్వా? మాకో మాట చెప్పాలనిపించలేదా?"

 ఇరవయ్యేళ్ళలో ఒక్క దుబ్బు గట్టుకి లాగని మనుషులు, ఆ రోజు కాలవ పొడుగునా ఒక్క ఆకు వదలకుండా కొట్టారు. చచ్చిన పురుగులు తేలుతూ నా తూము దగ్గరికే వచ్చాయి. ఊళ్ళో ఏది తేలినా ఇక్కడికేగా.

చేను పొట్టకొచ్చే వేళకి డెక్క మళ్ళీ కమ్మేసింది, ఊదాపూలతో సహా. నీరు ఆగింది. ఎండిన చేలోకి గేదెల్ని తోలాను.

గట్టు మీద కూర్చుని వాటిని చూస్తుంటే అచ్చిబాబు గడ పట్టుకుని వచ్చాడు.

"కాస్త జరుగు బావా, తోస్తాను."

జరిగాను.