మూత తీయని ఎర్ర సీసా

అమెరికా ఎడారి ఊరు టూసాన్ ఎండలకు ఆ వీధి పిల్లలందరికీ హార్లన్ ఇంటి ఈతకొలనే దిక్కు. శనివారం సాయంత్రం పెద్దలూ చేరేవారు. హార్లన్ నిప్పుల మీద మాంసం తిప్పుతూ ముక్కుపుటాలు ఎగరేసేవాడు.

"క్లోరిన్ వాసన చూశారా? ఆసుపత్రి కూడా ఇంత శుభ్రంగా ఉండదు!"

అందరూ తలూపేవారు. వండి పెట్టేవాడి మాట కాదనేదెవరు?

ఆ జూన్‌లో పిల్లలకు వరసగా చెవిపోటు పట్టుకుంది. చీము కారింది. హార్లన్ చూపు అద్దె ఇంటి టీనో మీద పడింది. వాడి తల్లి మారిసేలా హోటల్లో గదులు ఊడ్చే మనిషి. అంతకంటే రుజువేం కావాలి?

"ఏమమ్మా, మీవాడికి స్నానం చేయించే తీరిక కూడా లేదా? మురికంతా తెచ్చి మా నీళ్లలో కలుపుతున్నాడు. ఇక పంపకు" అన్నాడు అందరి ముందూ.

"మా ఇంట్లోనూ సబ్బుంది సార్. మావాడికీ చెవి నొప్పే."

"విన్నారా? అంటించింది వీడే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. తక్కినవారు పళ్లాల్లోకి చూసుకున్నారు. దారిలో టీనో అడిగాడు: "అమ్మా, నేను కంపు కొడుతున్నానా?" మారిసేలా వాడి జుట్టు వాసన చూసింది. హార్లన్ క్లోరిన్ తప్ప మరేమీ లేదు. ఆనాటి నుంచి వాడు చర్మం కందేలా ఒళ్లు తోముకోసాగాడు.

టీనో అడుగుపెట్టని ఆ నీళ్లలోనే, జూలైలో హార్లన్ సొంత మనవరాలికి చెవి చీము పట్టింది. అతను మరింత క్లోరిన్ కుమ్మరించాడు. ఘాటు వీధి దాకా వచ్చింది. అతని భార్య గ్లెండా బడిలో నర్సుగా చేసి విరమించిన మనిషి. ఆమె మాటంటే వీధికి గురి. నీళ్లు పరీక్షించే పెట్టె ఆమే తెరిచింది. క్లోరిన్ కొలిచే పసుపు సీసా అడుగంటింది. ఆమ్లం కొలిచే ఎర్ర సీసాకు సీలు కూడా ఊడలేదు.

"ఇదేమిటి హార్లన్?"

"అది చూస్తే యాసిడ్ పొయ్యమంటుంది. పిల్లలాడే నీళ్లలో యాసిడ్ పోస్తానా?"

ఆమె గొట్టంలో పట్టిన కొలను నీళ్లలో ఎర్ర సీసా చుక్కలు వేసింది. నీరు ముదురు గులాబీ రంగుకు తిరిగింది. ఆమ్లం మరీ తక్కువన్న గుర్తు అది.

గ్లెండా మారిసేలా గుమ్మానికి వచ్చింది. "తప్పు మాదే తల్లీ. మన్నించు."

"ఇక్కడ వద్దమ్మా. ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి. మావాడు వినాలి."

శనివారం గ్లెండా కొలను గట్టున నిలబడింది. "నీళ్లలో పులుపు, అంటే ఆమ్లం, మరీ తగ్గితే క్లోరిన్ ఉన్నా సరిగా పనిచెయ్యదు. మేం పోసే క్లోరిన్ మందు ఆ పులుపును ఇంకా తగ్గిస్తుంది. మీరు మెచ్చుకున్న ఆ ఘాటు శుభ్రం కాదు, మురికితో కలిసి పాడైన క్లోరిన్ వాసన. కొలిచి, తగినంత యాసిడ్ వేసుంటే ఏ బిడ్డకూ చెవి నొప్పి వచ్చేది కాదు. ఇక నువ్వు చెప్పు హార్లన్."

"పిల్లాడి తప్పేం లేదు" అని గొణిగాడతను.

"ఆ రోజు ఇంత మెల్లగా అనలేదు సార్" అంది మారిసేలా.

అతను గట్టిగా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నీళ్లు బాగుచేశాం. దిగు నాయనా" అంది గ్లెండా.

టీనో తల్లి చెయ్యి వదల్లేదు. "ఇంటికెళ్లి మళ్లీ స్నానం చేసి రానా అమ్మా?"

నీళ్లు బాగుపడ్డాయి. బిడ్డ మనసును కడిగే మందు ఏ దుకాణంలోనూ దొరకదు. తన నీళ్లు తాను కొలుచుకోనివాడికి పక్కింటి బిడ్డ ఒంటి మీద మురికి వెతికే హక్కు లేదు.